ఆశ - ఏకాగ్రత - ఆత్మసంస్కారము

మానవుని నడిపించు శక్తులలో ఆశ మొదటిది. రైతు విత్తనము చల్లునది ఆశతోనే. తల్లి బిడ్డను బడికి పంపునది ఆశతోనే. ఒకసారి పరీక్ష తప్పిన విద్యార్థి మరల రుసుము కట్టునదియు ఆశతోనే. అయినను ఆశ ఒక్కటే ఎవరినీ గమ్యమునకు చేర్చదు. దానికి ఏకాగ్రత తోడు కావలెను. ఆ రెండును కలిసి దినదినము పనిచేసినపుడు మనిషిలో కలుగు మార్పునే ఆత్మసంస్కారము అందుము. ఈ మూడింటి సంబంధమును మన ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల నీటిని, నేలను, మనుష్యులను ఉదాహరణముగా గైకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మాట - భావము

ముందుగా మాటను చూతము. తెలుగులో 'ఆశ' అను మాటకు రెండు ముఖములు కలవు. 'ఆశ వదలుకొనకుము' అన్నపుడు అది సద్గుణము. 'ఆశపోతు' అన్నపుడు అదే దుర్గుణము. పేరాశ, అత్యాశ, దురాశ అను మాటలు ఆ రెండవ ముఖమునకు చెందినవి. ఉర్దూలో ఈ చిక్కు లేదు. మంచి ఆశను 'ఉమ్మీద్' అందురు. పేరాశను 'లాలచ్' అందురు. ఆ రెండు మాటలకు చుట్టరికమే లేదు. అంతేకాదు. పరీక్షకు గాని, ఉద్యోగమునకు గాని, ఎన్నికకు గాని నిలబడిన అభ్యర్థిని ఉర్దూలో 'ఉమ్మీద్వార్' అందురు. ఆశ గలవాడని దాని అర్థము. హాల్‌టికెట్టు చేతబట్టుకొని పరీక్షాభవనమున అడుగుపెట్టు ప్రతి విద్యార్థియు, ప్రతి విద్యార్థినియు ఆ మాట ప్రకారము ఆశ గలవారే.

సంస్కృతమున 'ఆశ'కు దిక్కు అను మరియొక అర్థము కలదు. ఇది మనము గుర్తుంచుకొనదగిన అర్థము. దిక్కు లేని ఆశ వట్టి ఊహ. ఫలానా వైపు పోవలెనని నిశ్చయించుకొన్ననాడు అదే ఆశయమగును. ఆశకును పేరాశకును గల భేదము కూడ ఇక్కడనే తేలును. ఆశ తన శ్రమకు తగిన ఫలమును కోరును. పేరాశ శ్రమ లేని ఫలమును, లేదా పరుల శ్రమఫలమును కోరును. పరీక్షకు ముందురోజు రాత్రి 'ముఖ్యమైన ప్రశ్నలు' ఏవో చెప్పుమని స్నేహితుల ఇండ్ల చుట్టు తిరుగుట ఆశ క్రిందికి రాదు. అది లాలచ్ క్రిందికే వచ్చును.

ఆశకు నిలువ చోటు

కొల్లేటి సరస్సును ఎరుగనివారు మనలో లేరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లమున బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు చేరి ఈ సరస్సు ఏర్పడినది. ఇక్కడి పక్షులలో గూడబాతు ప్రసిద్ధమైనది. 1946వ సంవత్సరమున కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల స్థావరమును గుర్తించెను. అప్పుడు అందు దాదాపు 3,000 పక్షులు గూళ్ళు కట్టుకొనియుండెను. 1974 ప్రాంతమునకు ఆ స్థావరము పూర్తిగా ఖాళీ అయ్యెను. చూచినవారు ఇక ఆ పక్షి మన సీమకు రాదనియే తలచియుందురు.

కాని కథ అంతటితో ముగియలేదు. 1999లో కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరెను. 2006లో అభయారణ్య పరిధిలోని అక్రమ చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖ వారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలిపిరి. గూడబాతులు తిరిగి వచ్చి ఆ మంచెలపై గూళ్ళు కట్టినవి. ఈనాడు శీతకాలమున ఆటపాకకు పోయినవారికి ఆ మంచెలపై పక్షులును, వాటి పిల్లలును కనుల పండువుగా కనిపించును. సరస్సు కష్టములన్నియు తీరినవని చెప్పుట లేదు. అవి ఇంకను మిగిలియే యున్నవి. అయినను ఇరువది ఎనిమిది సంవత్సరములలో ఖాళీ అయిన స్థావరమునకు ప్రత్యామ్నాయము దొరికినదన్న మాట నిజము.

ఇందు గ్రహింపవలసినది ఒకటి గలదు. పక్షులు తిరిగి రావలెనని కోరుకొన్నంత మాత్రమున అవి రాలేదు. వాలుటకు చోటు నిలిపిన పిమ్మట వచ్చినవి. మానవుని ఆశయు అట్టిదే. దానికి నిలువ చోటు కావలెను. విద్యార్థి ఆశకు నిలువ చోటు అనగా ఏమి? ఇంటిలో ఒక మూల, ఒక దీపము, ఎవరును పని చెప్పని ఒక గంట, సందేహము తీర్చు ఒక గురువు, సకాలమున కట్టగల రుసుము. ఇంతకు మించి పెద్దవి కావు. 'బాగుగా చదువుము, బాగుపడుము' అని చెప్పువారు ఊరినిండ నుందురు. ఒక మంచె నిలిపి యిచ్చువారు కొందరే యుందురు.

ఈ మాట ఊరక వ్రాయుట లేదు. మన వంటి కళాశాలలలో ఏటేట జరుగు సంగతి ఒకటి గలదు. ఒక పిల్లవాడు ఇంటర్మీడియట్‌లో ఒక్క సబ్జెక్టు తప్పును. ఆ వేసవిలోనే అతనిని ఏ మెకానిక్కు షెడ్డులోనో, ఏ బట్టల దుకాణములోనో కుదుర్తురు. ఒక ఆడపిల్ల అట్లే తప్పును. ఆమె చదువు అంతటితో ఆగి, సంబంధములు చూచుట మొదలగును. తలిదండ్రులను నిందించి ప్రయోజనము లేదు. వారి ఇబ్బందులు వారికి కలవు. పనిలో చేరుటయు తక్కువతనము కాదు. కాని ఒక్క సబ్జెక్టులో వచ్చిన తక్కువ మార్కులను ఒక జీవితమునకు ఇచ్చిన తీర్పుగా భావించుట తగదు. సప్లిమెంటరీ పరీక్ష అను మంచె అక్కడ నిలిచియే యున్నది. వాలుటకు ముందే పక్షిని తోలివేయుచున్నాము.

ఇస్లాము నిరాశను మెచ్చదు. దైవకారుణ్యమును గూర్చి ఆశ వదలుకొనుట విశ్వాసికి తగదని మన పెద్దలందరు చెప్పుచునే వచ్చిరి. అయితే తవక్కుల్ అను పేరుతో పని మానుట ధర్మము కాదు. ఒంటెను కట్టివేసిన పిమ్మటనే దైవముపై భారము వేయవలెనన్న బోధను చిన్ననాటినుండియు వినుచున్నాము. చదువవలసిన దినములన్నియు వదలివేసి, ఫలితములు వెలువడిన దినమున 'కిస్మత్' అనుకొనుటను తెలుగువారు ఏనాడో ఒక సామెతలో పెట్టిరి: గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణము.

సబ్ర్ అను మాటను గూర్చియు ఇట్టి అపోహయే కలదు. సబ్ర్ అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. రోజా పాటించువాడు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు తన పని తాను చేసికొనుచునే యుండును. ఇఫ్తారు వేళ ఎప్పుడో అతనికి తెలియును. వేళ తెలిసిన నిరీక్షణ గనుకనే ఆకలి అతనిని క్రుంగదీయదు. మన ఆశలకును ఇట్లే ఒక వేళ, ఒక గడువు ఉండవలెను. 'ఎప్పుడో ఒకప్పుడు పాసగుదును' అనుకొనుట కంటె 'ఈ నెలాఖరునకు ఈ నాలుగు పాఠములు ముగింతును' అనుకొనుట బలమైన ఆశ.

కాలువయు, తివాచీయు

ఇక ఏకాగ్రత. గోదావరి నది మన పూర్వుల కాలమునను ఇంత నీటితోనే పారినది. అయినను పందొమ్మిదవ శతాబ్ది తొలి భాగమున ఈ డెల్టా ఒక ఏట వరదకు, మరియొక ఏట కరువునకు గురియగుచుండెను. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభించెను; 1852 నాటికి అది ముగిసెను. ఆనకట్ట వలన నదిలో ఒక్క చుక్కయు పెరుగలేదు. ఊరక సముద్రమున కలియు నీరు గట్ల నడుమ నడచుట నేర్చుకొన్నది. నిడదవోలు మీదుగా, తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు వైపునకు వచ్చు కాలువ ఆ నీటిదే. ఆవలి దిక్కున విజయవాడనుండి కృష్ణ నీరు ఏలూరు కాలువగా వచ్చుచున్నది. రెండు నదుల సౌభాగ్యమును ఒక ఊరు అనుభవించుచున్నదనిన అది గట్ల మహిమయే.

మన బుద్ధియు ఆ నదివంటిదే. 'మా వాడికి తెలివి లేదు' అని వాపోవు తండ్రి పొరబడుచున్నాడు. క్రికెట్టు ఆటగాండ్ర పరుగులన్నియు నోటికి చెప్పగల పిల్లవానికి తెలివి లేకపోలేదు. ఆ తెలివికి గట్లు లేవు. చదువునకు రెండు గట్లు కావలెను. ఒకటి వేళ, రెండవది చోటు. ప్రతిదినము అదే వేళకు, అదే చోట కూర్చుండువానికి మనస్సు క్రమముగా తానే లొంగును.

గట్టు కట్టినను గండి పడకుండ చూచుకొనవలెను. గండి పడిన కాలువక్రింద ముందుగా నష్టపోవునవి శివారు భూములు. ఎగువ పొలములకు నీరు ఎట్లో అందును. చివరి పొలములు బీటలు వారును. మన చదువులలో చివరి పాఠములకు పట్టుచున్న గతి ఇదే. ఈనాడు విద్యార్థి కాలమునకు పడిన పెద్ద గండి చేతిలోని ఫోను. దానిని శత్రువుగా చూడనక్కరలేదు. పాఠములు, నిఘంటువులు, ఉపకారవేతనముల దరఖాస్తులు అన్నియు అందులోనే యున్నవి. కాని చదువు వేళ అది మరియొక గదిలో నుండుట మంచిది. ఒక్క నిమిషమునకని చేతికి తీసికొన్నది అరగంట మ్రింగును. ఆ అరగంట తరువాత మనస్సు తిరిగి పాఠమున కుదురుకొనుటకు మరి కొంత కాలము పట్టును. నష్టము రెండింతలు.

ఏకాగ్రతకు మన ఏలూరే చూపు మరియొక ఉదాహరణము తివాచీ నేత. పారసీక దేశమునుండి వచ్చిన ముస్లిము కుటుంబములు ఈ విద్యను ఏలూరునకు తెచ్చినవని ప్రతీతి. ఏలూరు తివాచీలు సముద్రములు దాటి అమ్ముడుపోయినవి. నేడు ఆ మగ్గముల సంఖ్య బాగుగా తగ్గినది. అయినను ఆ పని తీరు విద్యార్థులు తెలిసికొనదగినది. నిలువుగా బిగించిన పడుగు దారములకు ఉన్ని ముడులు ఒక్కొక్కటిగా వేయుదురు. ఒక వరుస ముగిసిన పిమ్మట అడ్డముగా పేక దారము పోనిచ్చి, దువ్వెనవంటి పనిముట్టుతో క్రిందికి దట్టించెదరు. అప్పుడు రెండవ వరుస. ముందు చూచినవానికి పువ్వును, తీగెయు కనబడును. నేయువాని చేతికి మాత్రము ఎప్పుడును ఒక్క ముడియే తగులును. ఒక ముడిలో రంగు తప్పినచో వెంటనే విప్పవలెను. పది వరుసలు పైన పడిన పిమ్మట దానిని సరిచేయుట మహాకష్టము.

ఈ పనిలో మనకు మూడు పాఠములు కలవు. పెద్ద పని అంతయు చిన్న ముడులుగా విడివడును. ఒకసారి ఒక ముడియే వేయగలము. తప్పును నాడే దిద్దుకొన్నచో అది చిన్నది, ఆలస్యము చేసినచో పెద్దది. లెక్కలలో మొదటి అధ్యాయము తెలియకపోయినను రెండవదానికి పోవుచున్న విద్యార్థి రంగు తప్పిన ముడిపై వరుసలు పేర్చుచున్నాడు.

భీమవరపు బాలుడు

ఆత్మసంస్కారమునకు ఉదాహరణము వెదకుటకు దూరదేశములు పోనక్కరలేదు. కొల్లేటికి చేరువనున్న భీమవరములో 1895 జనవరి 12న ఒక బాలుడు జన్మించెను. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. చదువులో మొదటినుండి వెలిగిన బాలుడు కాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణుడయ్యెను. తండ్రి గతించెను. తల్లి పట్టుదలయే ఆయనను బడిలో నిలిపినది. ఇందాక మనము చెప్పుకొన్న మంచె ఆ తల్లియే.

తరువాతి మార్గమును సుగమము కాదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. అందరికి దొరకు పట్టమునకు బదులు తక్కువ స్థాయి పట్టమే ఆయనకు దక్కెను. తోబుట్టువులను స్ప్రూ అను జీర్ణవ్యాధి బలిగొనెను. ఆ వ్యాధి ఆయనను కూడ పీడించెను. అమెరికా చేరి హార్వర్డులో చదువుకొనుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో సేవకుని పని చేసెను. 1925లో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి దేహద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చిన వారి పరిశోధన జీవరసాయన శాస్త్రమునకు పునాదిరాయి. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థ పరిశోధనాలయమున చేరెను. అక్కడ ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తన ఇంటిని కాల్చిన స్ప్రూ వ్యాధికి మందు అదియే. బోదకాలు వ్యాధికి నేటికిని వాడు డైఈథైల్ కార్బమజైన్ ఆయన బృందపు కృషియే. మన గోదావరి జిల్లాలలో బోదకాలు ఎన్ని కుటుంబములను బాధించినదో చెప్పనక్కరలేదు. 2004 నుండి ప్రభుత్వము ఆ వ్యాధి నిర్మూలనకై ఇంటింటికి మాత్రలు పంపిణీ చేయించినది. ఆ మాత్రలలోని మందు భీమవరమున పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన వాని చలువ అని మ్రింగినవారిలో ఎందరికి తెలియును? 1948 ఆగష్టులో ఆయన నిద్రలోనే మరణించెను. వయస్సు 53.

ఈ చరిత్రనుండి 'పరీక్ష తప్పినవారందరు గొప్పవారగుదురు' అను తేలిక నీతిని తీయరాదు. పరీక్ష తప్పుట గొప్ప కాదు. గమనింపవలసినది వేరు. ప్రతి ఓటమి తరువాత ఆయన తన పనిని కొంత మార్చుకొనెను, ఒక కొత్త విద్య నేర్చెను. అంతేకాక తన దుఃఖమునే తన ప్రశ్నగా మలచుకొనెను. తోబుట్టువులు ఏ వ్యాధితో పోయిరో ఆ వ్యాధిని గూర్చిన జ్ఞానమే ఆయన కృషిలో ఫలించెను. దుఃఖము మనిషిని కూలద్రోయవచ్చును. దానికి దిక్కు చూపినచో పనిలోనికి దింపవచ్చును.

మరియొకరిని తలచుకొందము. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన్నమౌలానా సాహెబు నాదస్వర విద్వాంసుల వంశమువారు. స్వదేశమున పేరు తెచ్చుకొన్న పిమ్మటను తమ విద్య చాలునని తలంపక, తంజావూరు బాణీ నేర్వగోరి తమిళదేశమునకు పోయి, నాచ్చియార్‌కోయిల్ రాజమ్, దురైకణ్ణు సోదరులకు శిష్యులైరి. తరువాత శ్రీరంగముననే స్థిరపడిరి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు వారిని వరించెను. గురువుగా కూర్చుండదగిన దశలో శిష్యుడై కూర్చుండగలుగుట ఆత్మసంస్కారమునకు గీటురాయి. మనలో చాలమందికి అడ్డుపడునది తెలియనితనము కాదు, అడుగుటకు సిగ్గు.

నిత్యజీవితమున ఆచరణ

ఆత్మసంస్కారము అనగా చేర్చుకొనుట మాత్రమే కాదు, విడిచిపుచ్చుటయు. కొల్లేరు ఏరుల నీటినంతయు లోనికి తీసికొనును. మిగులు నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. ఉప్పుటేరు పూడినచో ముంపు లంకగ్రామములకే. కొత్త అలవాటు పట్టుటకు ముందు పాత అలవాటు ఒకటి పోవుటకు దారి చేయవలెను. ఇందుకు అనువైన కొన్ని పద్ధతులను సూచించెదము.

ఒకటి: దినమునకు గట్లు కట్టుకొనుట. ఐదు వేళల నమాజు దినమును సహజముగా భాగించుచున్నది. ఫజ్ర్ తరువాతి గంట కఠినమైన పాఠమునకు, అస్ర్ తరువాత ఆటకు, ఇషా తరువాత పునశ్చరణకు అని నియమించుకొనవచ్చును. ఇతర మతముల సోదర విద్యార్థులకును వారి ఇంటి పూజావేళలు, భోజనవేళలు ఇట్లే గుర్తులు కాగలవు.

రెండు: నియ్యత్. నమాజునకు ముందు సంకల్పము ఎట్లు అవసరమో, చదువునకును అట్లే. పుస్తకము తెరచుటకు ముందు 'ఈ గంటలో ఇది నేర్చుకొందును' అని ఒక్క వాక్యము కాగితముపై వ్రాయవలెను. గంట ముగియగానే ఆ వాక్యము నెరవేరినదో లేదో చూడవలెను.

మూడు: ముహాసబా, అనగా తన లెక్క తాను చూచుకొనుట. చిన్న కిరాణా వర్తకుడు సైతము దుకాణము మూయకముందు చిట్టా వ్రాయును. అప్పు ఎంత, రొక్కము ఎంత అని తెలియక అతడు నిద్రపోడు. మనము మాత్రము జీవితమను వర్తకమును చిట్టా లేకయే సాగించుచున్నాము. రాత్రి ఐదు నిమిషములు చాలును. ఏమి చేసితిమి, ఏమి వదలితిమి, రేపు మొదట దేనిని పట్టుకొనవలెను.

నాలుగు: ఇచ్చుట. తనకు వచ్చినదానిని రానివానికి చెప్పినపుడే తనకు ఎంత వచ్చినదో తెలియును. ఉర్దూ మాధ్యమమునుండి వచ్చిన విద్యార్థి తెలుగులో తడబడును. తెలుగు మాధ్యమమునుండి వచ్చినవాడు ఉర్దూ లిపి ఎరుగడు. ఇరువురును వారమునకు రెండు గంటలు ఒకరికొకరు గురువులైనచో సంవత్సరాంతమునకు ఇరువురికిని రెండు భాషలు దక్కును. రుసుము లేదు, ట్యూషను లేదు.

ఐదు: తప్పిన దినమును గూర్చి చింతింపక మరుసటి దినము తిరిగి మొదలిడుట. ఆరంభశూరులు మనలో మెండు. వారు ఓడిపోవునది మొదటి దినమున కాదు, ఒక దినము తప్పిన తరువాతి దినమున. ఆ రెండవ దినమున తిరిగి కూర్చుండువాడే గెలుచును.

ఉపసంహారము

విద్యార్థులారా! ఆశ పుట్టుకతో వచ్చును. దానికి దిక్కు మనము చూపవలెను. తెలివి అందరికిని కలదు. దానికి గట్లు మనము కట్టవలెను. తలిదండ్రులకును ఒక మనవి. మీ బిడ్డ ఒక పరీక్ష తప్పినచో ఇంకొక్క సంవత్సరము ఓపిక పట్టుడు. పనికి పంపక తప్పనిచో పంపుడు. కాని పుస్తకములను అటుకెక్కింపకుడు, సాయంకాలమున ఒక గంట విడిచిపెట్టుడు. అధ్యాపకులమైన మనకును బాధ్యత కలదు. తప్పినవారి పేర్లు నోటీసుబోర్డుపై చూచి ఊరకుండక, వారిలో ఒక్కొక్కరిని పిలిచి సప్లిమెంటరీ గడువు తేదీని చెప్పి, రుసుము కట్టినాడో లేదో విచారించుట మన పనియే. కళాశాల అనగా ఆటపాక మంచెలవలె అలసిన రెక్కలు వాలదగిన చోటు. ఆ చోటును ప్రతి సంవత్సరము నిలిపియుంచుట మన కర్తవ్యము.